బొప్పాయి గింజకు అరవై రోజుల పరీక్ష

పండు కోసి, చెంచాతో గీకి పారేసే నల్ల గింజలున్నాయి చూశారూ, మన పని వాటితోనే మొదలవుతుంది. చుట్టూ ఉన్న జిగురు పొర పోయేదాకా నీళ్ళలో రుద్ది కడగాలి. ఒకటి కొరికి చూస్తే ఆవపిండి ఘాటు ముక్కుకెక్కుతుంది. బెంజైల్ ఐసోథయోసైనేట్ అనే రసాయనం చేసే పని అది. ఆవాల ఘాటుదీ అదే కుటుంబం.

బొప్పాయి తింటే గర్భం నిలవదని మన ఇళ్ళలో ఆడపిల్లల్ని హడలగొడతారు గానీ మగవాళ్ళ మాట ఎవరూ ఎత్తరు. గింజల మీద మాత్రం మగవాళ్ళ వైపు నుంచే చాలా పని జరిగింది. జైపూర్‌లోని రాజస్థాన్ విశ్వవిద్యాలయంలో ఎన్.కె. లోహియా బృందం వీటి సారాన్ని ఎలుకలతో మొదలుపెట్టి, కుందేళ్ళు దాటి, కొండముచ్చుల దాకా తీసుకెళ్ళింది. జంతుశాస్త్రంలో పరిశోధన చేసిన రోజుల్లో నేనూ ఇలాంటి పనే చేశాను. మొక్క మారొచ్చు, మందు మారొచ్చు, దారి మాత్రం ఇదే. ఆ దారి తెలిస్తే, పేపర్లో ‘ఫలానా ఆకుతో సంతానం’ అన్న వార్త కనబడినప్పుడు ఎక్కడ ఆగి ప్రశ్న వేయాలో తెలుస్తుంది.

గింజల్ని నీడలో ఆరబెట్టాలి. ఎండ తగిలితే తేలిగ్గా ఎగిరిపోయే రసాయనాలు పోతాయి. మిక్సీలో వేసేముందు మొక్క కొమ్మ ఒకటి వృక్షశాస్త్ర విభాగానికి పట్టుకెళ్ళి, అది ఫలానా జాతేనని రాయించుకుని, ఎండబెట్టిన నమూనాను అక్కడే దాచిపెట్టాలి. బొప్పాయికి ఇదంతా అతిగా అనిపిస్తుంది. ‘బ్రాహ్మి’ అడిగి చూడండి, ఒక దుకాణంలో నీటి గట్ల మీద పాకే చిన్నాకు మొక్క ఇస్తారు, ఇంకో దుకాణంలో సరస్వతి ఆకు ఇస్తారు. రెండూ వేర్వేరు మొక్కలు. వాడుక పేరు నమ్ముకుని మొదలుపెట్టిన పని ఎక్కడ తేలుతుందో ఎవరికీ తెలియదు.

పొడిని మందపాటి కాగితపు గొట్టంలో నింపి సాక్స్‌లెట్ అనే గాజు సరంజామాలో పెడతారు. అడుగున ఉన్న కుప్పెలో ద్రావకం మరుగుతుంది. ఆవిరి పైకెళ్ళి, చన్నీళ్ళు పారే గొట్టానికి తగిలి, చుక్కలుగా పొడి మీద పడుతుంది. గొట్టం నిండగానే గుటుక్కున మొత్తం కిందికి దిగిపోతుంది. మళ్ళీ మరుగుతుంది, మళ్ళీ నిండుతుంది. దిగే ద్రవం రంగు లేకుండా వచ్చేదాకా గంటల తరబడి ఇదే తంతు. మా ఊళ్ళో కుళాయి రోజుకు రెండు పూటలే వచ్చేది కాబట్టి చన్నీళ్ళ కోసం బకెట్లో చిన్న మోటారు, ఐసు గడ్డలు పెట్టుకుని రాత్రంతా కాపలా కాసేవాళ్ళం.

ఇక్కడే ఒక మెలిక. క్లోరోఫాం పోస్తే నూనె స్వభావం ఉన్నవి దిగుతాయి, నీళ్ళు పోస్తే వేరేవి దిగుతాయి. అవే గింజలు, ద్రావకం మారితే ఫలితమే మారిపోతుంది. తాతముత్తాతలు తాగింది కషాయం. ల్యాబులో తీసింది క్లోరోఫాం సారం. మొదటిదాన్ని రుజువు చేశామంటూ రెండోదాన్ని చూపించే వ్యాసాలు నేను చాలానే చదివాను.

ద్రావకాన్ని తక్కువ పీడనంలో, చెయ్యి పట్టేంత వేడిలో ఎగరగొడితే అడుగున ముదురు రంగు జిడ్డు ముద్ద మిగులుతుంది. దాన్ని తూచి, సీసాలో పోసి, ఫ్రిజ్‌లో పెడతారు.

ఇక ఎలుకలు. జంతువుల మీద చేసే ప్రయోగాలను పరిశీలించే సంఘం ప్రతి సంస్థలోనూ ఉంటుంది. ఎన్ని ఎలుకలు, ఎందుకన్ని, ఎలా చంపుతారు, ఇవన్నీ రాసిచ్చి దాని అనుమతి తెచ్చుకోవాలి. విస్టార్ జాతి తెల్ల మగ ఎలుకలు, మూడు నెలల వయసువి, 200 గ్రాములకు అటూఇటూ తూగేవి తీసుకుంటారు. పంజరంలో వరి ఊక పరిచి, పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి ఉండేలా చూస్తారు. ముందు కొన్నింటికి పెద్ద మోతాదు ఒకేసారి ఇచ్చి 14 రోజులు గమనిస్తారు. చచ్చిపోకపోతే అందులో చిన్న భాగాన్ని రోజువారీ మోతాదుగా ఎంచుకుంటారు.

తర్వాత గుంపులు, గుంపుకు ఆరేసి ఎలుకలు. ఒకదానికి ఒట్టి ఆలివ్ నూనె, ఒకదానికి నూనెలో కొంచెం సారం, ఇంకోదానికి ఎక్కువ సారం. నాలుగో గుంపుకు కూడా ఎక్కువ మోతాదే ఇస్తారు గానీ చివర్లో చంపరు, మందు ఆపి ఊరికే వదిలేస్తారు. దీని గురించి తర్వాత చెప్తాను, ఎందుకంటే అసలు కథ దానిదే. కిలో బరువుకు 50 మి.గ్రా. అనుకుంటే 200 గ్రాముల ఎలుకకు పడేది 10 మి.గ్రా. కొస గుండ్రంగా ఉన్న వంపు సూదితో దాన్ని నేరుగా పొట్టలోకి దించాలి. చెయ్యి తడబడి ఊపిరి గొట్టంలోకి పోయిందా, ఎలుక దక్కదు.

ఇలా అరవై రోజులు. అరవై ఎందుకు?

వృషణంలో చుట్టలు చుట్టుకున్న సన్నటి నాళాలు ఉంటాయి. ఒకే రైతు పొలంలో ఒక మడిలో నారు, ఒక మడిలో పిలకలు, ఒక మడిలో పొట్టకొచ్చిన పైరు, ఒక మడిలో కోతకొచ్చిన వరి ఉన్నట్టు, ఆ నాళాల్లో అన్ని దశల కణాలూ ఒకేసారి ఉంటాయి. ఎలుకలో నారు కోతకు రావడానికి దాదాపు 52 రోజులు. కోసిన పంట గాదెకు చేరడానికి, అంటే ఎపిడిడిమిస్ అనే పొడవాటి నాళం దాటడానికి, ఇంకో వారం పైచిలుకు. నారుమడిని చంపే విషం పడితే గాదెలో తరుగు రెండు నెలల దాకా కనబడదు. పదో రోజుకే గాదె తగ్గిందంటే దెబ్బ నారుకు కాదు, గాదెకే తగిలింది. ఏ రోజున తగ్గిందో చూసి దెబ్బ ఎక్కడ పడిందో చెప్పొచ్చు. మనిషిలో ఈ పైరుకు దాదాపు 74 రోజులు, గాదె ప్రయాణంతో కలిపితే మూడు నెలల దరిదాపు. ‘నెల రోజుల్లో వీర్యకణాలు రెట్టింపు’ అని రాసిన డబ్బాను మళ్ళీ అరలో పెట్టడానికి ఈ ఒక్క లెక్క చాలు.

మందుల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. జిమ్ములో కండల కోసం పొడిపించుకునే టెస్టోస్టిరాన్‌ను మగతనం పెంచే హార్మోనే అనుకుంటారు. నిజానికి బయటి సరుకు దిగుతుండేసరికి మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి తన సంకేతాలు ఆపేస్తుంది, వృషణం తన సొంత తయారీ మానేస్తుంది, నారుమడికి నీళ్ళు అందవు. దీన్నే గర్భనిరోధంగా వాడొచ్చా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించి 1990లో ఫలితాలు ప్రకటించింది. వారానికి 200 మి.గ్రా. చొప్పున సూది వేయించుకున్న 271 మందిలో 157 మందికి ఆరు నెలల లోపు వీర్యంలో ఒక్క కణం కూడా లేకుండా పోయింది. పెద్దపేగు పూతకూ కీళ్ళవాతానికీ వాడే సల్ఫాసలజీన్ కూడా కణాల సంఖ్యను, కదలికను తగ్గిస్తుంది. మానేస్తే రెండు మూడు నెలల్లో మామూలవుతుంది. పైరు లెక్కకు సరిగ్గా సరిపోయే గడువే అది. పేగు జబ్బుకైతే దీనికి బదులు మెసలమీన్ ఉంది. అయితే ఆ మార్పు చేయాల్సింది డాక్టరే. సొంతంగా మానేసిన వాళ్ళకు పేగు జబ్బు తిరగబెడుతుంది.

మళ్ళీ ల్యాబుకొద్దాం. అరవై ఒకటో రోజు ఎలుకను తూచి, మత్తిచ్చి, చంపి, అవయవాలు తీస్తారు. హార్మోన్ పరీక్షకు డబ్బు లేని ల్యాబుల్లో కూడా త్రాసు ఒక సంగతి చెప్పేస్తుంది. వీర్యకోశాలు, ప్రోస్టేట్ టెస్టోస్టిరాన్ మీదే బతుకుతాయి. అవి చిక్కిపోతే హార్మోన్ తగ్గినట్టు. కణాలు తగ్గి ఇవి నిండుగా ఉంటే మందు హార్మోన్ జోలికి పోకుండా పైరునే తాకినట్టు. గర్భనిరోధక మందు వెతికేవాళ్ళకు కావలసింది ఈ రెండోదే.

ఎపిడిడిమిస్ తోకభాగాన్ని గోరువెచ్చని ఉప్పునీటిలో తరిగితే కణాలు తెల్లటి పొగలా బయటికొస్తాయి. ఒక చుక్క గాజు పలక మీద వేసి కదలిక చూడాలి. జనవరి పొద్దున పలకను వెచ్చచేయకుండా వేస్తే కణాలు బిగుసుకుపోతాయి. ఆ పాపం సారం నెత్తిన పడుతుంది. ఇంకో చుక్కకు ఇయోసిన్ రంగు కలిపితే చచ్చిన కణాలు గులాబీ రంగు పీల్చుకుంటాయి, బతికినవి పీల్చుకోవు. మిగతాదాన్ని పలచన చేసి, గళ్ళు చెక్కిన న్యూబార్ పలక మీద ఒక్కొక్క గడీ లెక్కపెడతారు. వృషణాన్ని బోయిన్ ద్రావణంలో వేస్తారు. ఫార్మలిన్‌లో వేస్తే నాళాలు ముడుచుకుపోతాయి. బోయిన్‌లో ఉండే పిక్రిక్ ఆమ్లం వల్ల వారం రోజులు వేళ్ళు పసుపు దంచినట్టు ఉంటాయి.

ఒకసారి నా లెక్కల్లో సారం తాగిన ఎలుకలకూ నూనె తాగినవాటికీ తేడా అద్భుతంగా వచ్చింది. మా గైడు సంబరపడలేదు. పలకల మీది చీటీలన్నీ తీసేసి, తనకు మాత్రమే తెలిసే అంకెలు వేసి, ‘ఇప్పుడు లెక్కపెట్టు’ అన్నారు. తేడా సగానికి సగం పడిపోయింది. నేను దొంగలెక్క రాయలేదు. గీత మీద పడ్డ కణాన్ని ఏ గడిలో వేయాలన్నప్పుడు, ఏది ఏ గుంపుదో తెలిసిన కన్ను తనకు కావలసిన వైపే మొగ్గింది. చీటీలు దాచి లెక్కపెట్టారని రాయని వ్యాసాన్ని అప్పట్నుంచీ నేను సగం నమ్మకంతోనే చదువుతాను.

ఇంకో వల ఉంది. సారం చేదుగానో ఘాటుగానో ఉంటే, పొట్టలో మంట పుట్టిస్తే, ఎలుక తిండి తగ్గిస్తుంది. పస్తులున్న ఎలుకకు హార్మోనూ తగ్గుతుంది, కణాలూ తగ్గుతాయి. అప్పుడు మనం కనిపెట్టింది ఆకలిని. అందుకే వారం వారం బరువులు, తిన్న మేత లెక్కలు ఉండాలి. ఆ పట్టిక లేకుండా ‘వీర్యం మీద ప్రభావం’ అంటే చెల్లదు.

అసలు సిసలు పరీక్ష కాపురమే. ఇది చంపకముందు జరగాలి, చెప్పడంలో నేనే వెనకబడ్డాను. ఆడ ఎలుకకు నాలుగైదు రోజులకోసారి ఎద చక్రం తిరుగుతుంది. రోజూ యోని నుంచి ఒక చుక్క తీసి సూక్ష్మదర్శినిలో చూసి, ఎదకు ముందు రోజు సాయంత్రం మగదాని పంజరంలో వదులుతారు. పొద్దున్నే తీసిన చుక్కలో వీర్యకణాలు కనబడితే అదే గర్భానికి మొదటి రోజు. దాదాపు ఇరవయ్యో రోజున కోసి, గర్భసంచిలో ఎన్ని పిండాలు అంటుకున్నాయో లెక్కపెడతారు. ఎలుక మహా మొండిది. కణాలు పదింట తొమ్మిది వంతులు పోయినా పిల్లల్ని కనేస్తుంది. మనిషికి అంత నిల్వ లేదు. కాబట్టి ఎలుకకు పిల్లలు పుట్టినంత మాత్రాన ఆ మందు మనకు భద్రమని కాదు.

ఇప్పుడు ఆ నాలుగో గుంపు. మందు ఆపాక మరో అరవై రోజులో తొంభై రోజులో ఆగి, పంట తిరిగొచ్చిందా అని చూస్తారు. ఈ గుంపు ఎందుకంత ముఖ్యమో పత్తిగింజ కథ చెబుతుంది. చైనాలోని జియాంగ్సు ప్రాంతంలో, శుద్ధి చేయని పత్తిగింజల నూనెతో వండుకున్న ఊళ్ళలో పిల్లలు పుట్టడం ఆగిపోయిందని 1950ల్లో గమనించారు. కారణం గాసిపాల్ అనే పసుపు రసాయనం. 1972 నుంచి ఎనిమిది వేల మందికి పైగా మగవాళ్ళకు దీన్ని మాత్రగా ఇచ్చి చూశారు. గర్భనిరోధకంగా 99 శాతం దాకా పనిచేసింది. కానీ కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయి కాళ్ళూ చేతులూ చచ్చుబడ్డాయి. మరికొందరికి మాత్ర మానేశాక కూడా కణాలు తిరిగి రానేలేదు. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దారి వదిలేయమంది. మన గుంటూరు, ఆదిలాబాద్ పత్తి గింజల్లోనూ గాసిపాల్ ఉంటుంది. నూనెను క్షారంతో శుద్ధి చేసినప్పుడు అది చాలావరకు పోతుంది. నెమరువేసే గొడ్లు పత్తి చెక్కను చాలావరకు తట్టుకోగలవు గానీ, విత్తనపు ఆబోతుకు మితిమీరి పెడితే వీర్యం చెడుతుంది.

బొప్పాయి ఈ గడప దాటింది. కొండముచ్చులకు గింజల క్లోరోఫాం సారం రోజూ ఇస్తే మూడు నెలలకు కణాలు లేకుండా పోయాయి, ఆపాక కొన్ని నెలలకు తిరిగొచ్చాయి. ఆ ఫలితం 2002లో అచ్చయింది. ఇప్పటికీ దుకాణంలో బొప్పాయి మాత్ర లేదు. సారంలో ఏ రసాయనం ఆ పని చేస్తోందో విడదీసి, దాని మోతాదు తేల్చి, మనుషుల్లో దశలవారీగా పరీక్షించే పని ఎలుకల పని కంటే పదింతలు పెద్దది.

సంతానం కలిగిస్తామనే పెన్నేరు గడ్డ, దూలగొండి, పల్లేరు పొడుల సంగతి అడుగుతారని తెలుసు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలో పంట పెద్దగా పెంచలేం. అందుకని ముందు కాడ్మియం పెట్టో, మధుమేహం తెప్పించో పొలాన్ని పాడుచేసి, తర్వాత పొడి ఇచ్చి బాగుపడిందంటారు. అది మరమ్మతు. మందు ఇవ్వకపోయినా పొలం దానంతటదే ఎంత కోలుకునేదో పక్కన చూపిస్తేనే దానికి విలువ. దూలగొండి గింజల పొడిని లక్నోలో పిల్లలు లేని మగవాళ్ళకు మూడు నెలలు ఇచ్చి కణాలు మెరుగయ్యాయని రాశారు. కనీసం గడువైనా సరైనది పెట్టుకున్నారు. కణాలు మెరుగవడం, ఇంట్లో పిల్లాడు పుట్టడం ఒకటి కాదు.

పెళ్ళయి ఏడాదైనా పిల్లలు లేరని వీర్యపరీక్షకు వెళ్తున్నారా? గత మూడు నెలల్లో మింగిన మాత్రలు, వేయించుకున్న సూదులు, తాగిన కషాయాలు, పాలల్లో కలుపుకున్న పొడులు అన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి. జిమ్ములో ఎవరో ఇచ్చిన పేరు లేని డబ్బా ఉంటే దాన్ని కూడా పట్టుకెళ్ళండి.