శిలలలోని ఉదజని – భూమిపై నీటి పుట్టుక

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములలో ఎచ్చట చూచినను గ్రానైటు గుండ్లు, నైసు శిలలే కనిపించును. కరవు నెరిగిన ఈ సీమలో రాయి అనగా నీరు లేనిదని భావింతుము. కాని బయొటైటు అను నల్ల అభ్రకము, హార్న్‌బ్లెండు మొదలగు ఖనిజములు తమ స్ఫటికములలో ఉదజనిని ఆమ్లజనితో కూడ బంధించి యుంచును. తీవ్రముగా వేడిచేసినచో అది నీటి ఆవిరిగా వెలువడును.

ఉదజని మూడు రూపములలో నుండును. సామాన్య ఉదజని కేంద్రకమున ఒక ప్రోటాను మాత్రమే కలదు. దానికి ఒక న్యూట్రాను చేరినచో డ్యుటీరియం, రెండు చేరినచో ట్రిటియం అగును. వీనిని ఐసోటోపులందురు. 1931లో డ్యుటీరియమును కనుగొన్న హెరాల్డ్ యూరే 1934లో నోబెల్ బహుమతి నందెను. సముద్రజలమున సుమారు 6,400 ఉదజని పరమాణువులకు ఒకటి డ్యుటీరియం. ఈ నిష్పత్తిని బట్టి నీటి వంశమును గుర్తింపవచ్చును.

సూర్యునికి సమీపమున వేడిలో పుట్టిన భూమికి తోకచుక్కలే తరువాత నీటిని తెచ్చినవని పలువురు తలంచిరి. అయితే 1986లో పరిశీలింపబడిన హేలీ తోకచుక్కలో డ్యుటీరియం నిష్పత్తి సముద్రమునకు ఇంచుమించు రెట్టింపు. 2014లో రొసెట్టా నౌక చేరిన 67పి తోకచుక్కలో అది మూడు రెట్లకు పైగా నుండెను. హార్ట్‌లీ–2 తోకచుక్కలో మాత్రము సముద్రముతో సరిపోయినట్లు 2011లో ప్రకటించిరి. కావున తోకచుక్కలన్నియు ఒక్క తీరువి కావు.

2020లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు 13 ఎన్‌స్టటైటు ఉల్కలను పరీక్షించిరి. భూమికి మూలద్రవ్యము వీనివంటిదే యని పలువురి అభిప్రాయము. పొడివని యెంచబడిన ఈ ఉల్కలలోని ఉదజని, సముద్రములకు కనీసము మూడింతల నీటికి చాలునని వారు లెక్కించిరి. డ్యుటీరియం నిష్పత్తియు భూగర్భమందలి మాంటిల్ పొరతో సరిపోలెను. భూమి నీటిలో అధికభాగము పుట్టుకతోనే వచ్చియుండవచ్చునని దీని తాత్పర్యము.

మన శిలలనే పరీక్షించి ఈ సంగతి తేల్చరాదా యని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. ఇవి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివైనను, తరువాత వీనిలో ప్రవేశించిన వేడినీరు తొలి నిష్పత్తిని మార్చివేయగలదు. కుప్పం సమీపమున చిగురుగుంట బంగారు గనులలోని పలుగురాతి చారలు అట్టి వేడినీటి జాడలే. కావుననే ఉల్కల సాక్ష్యము విలువైనది.

మూడవదైన ట్రిటియం మన బావులకు సంబంధించినది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వారు దానిని నేలలో ప్రవేశపెట్టి, వాననీరు ఎంత లోనికింకునో కొలిచిరి. గ్రానైటు నేలలలో వర్షమున అల్పభాగమే భూగర్భజలమగును. రాతి స్ఫటికములలోని నీరు మన కడవలోనికి రాదు. మన బావిని నింపునది ఏటేటి వానయే గనుక, చెరువులను పూడిపోనీయక కాపాడుకొనుట ఈ పాఠమునుండి మనము గ్రహింపవలసిన కర్తవ్యము.