వేడిముల్లు చెప్పునది నిజమేనా? పాత మోటారుబండ్ల పరీక్ష

మన గ్రామములలో పాత మోటారుబండ్లు నేటికిని తక్కువేమియు కావు. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కార్లు, అంతకన్న పాతవైన జీపులు ఇంకను కొన్ని ఇండ్ల ముంగిళ్లలో కానవచ్చుచున్నవి. పెండ్లికి, సంతకు అవియే పోవును. 108 వాహనము వచ్చుట ఆలస్యమైనచో ప్రసవవేదనలో నున్న స్త్రీని పట్టణపు ఆసుపత్రికి చేర్చుటకు సైతము ఒక్కొక్కప్పుడు అట్టి బండియే దిక్కగును. తెలంగాణములో పల్లెప్రగతి కార్యక్రమము క్రింద పంచాయతీలకు సమకూరిన ట్రాక్టర్లు కూడ ఏండ్లు గడచిన కొలది పాతబడుచున్నవి. వీనన్నిటిలోను డ్రైవరు కన్నుల యెదుట ఒక చిన్న గడియారము వంటి పరికరము ఉండును. దానినే మెకానిక్కులు టెంపరేచరు గేజి లేక హీటు మీటరు అందురు. ఇంజనులో తిరుగు నీరు ఎంత వేడెక్కినదో దాని ముల్లు చూపును.

ఆ ముల్లు చెడిపోవుట పాత బండ్లలో సర్వసాధారణము. చెడిన ముల్లు రెండు విధములుగ అబద్ధమాడును. ఇంజను చల్లగా నుండగా వేడియని చూపుట ఒకటి. ఇంజను కాగిపోవుచుండగా చల్లగా నున్నదని చూపుట రెండవది. మొదటి దానివలన అనవసరముగ రేడియేటరు విప్పించి, నీటిపంపు మార్పించి డబ్బు పోగొట్టుకొందుము. రెండవ దానివలన ఇంజనే పోవును. కావున ఈ రెండింటిని ఒకే తీరుగ చూడరాదని మా అభిప్రాయము. ముల్లు వేడి చూపినచో అది నిజమేయని భావించి బండి నాపవలెను. చల్లన చూపినచో వెంటనే నమ్మరాదు.

ఏల నమ్మరాదో ఒక ఉదాహరణమువలన తెలిసికొందము. ఒక జీపునకు నీటిపంపు సీలు అరిగి నీరు బొట్టు బొట్టుగ కారిపోవుచున్నదనుకొందము. ఇంజను తలలో నీటిమట్టము తగ్గుచు తగ్గుచు, వేడిని కనిపెట్టు మొన కంటె క్రిందికి దిగినది. ఆ మొన నీటిలో మునిగియుండవలసినది. ఇప్పుడు దాని చుట్టును గాలియు ఆవిరియు మాత్రమే యున్నవి. గాలి నీటివలె వేడిని అందీయదు. కనుక ముల్లు తగ్గుముఖము పట్టును. డ్రైవరు దానిని చూచి 'బండి చల్లబడినది' అని సంతోషించి వేగము పెంచును. ఇచ్చట మీటరులో దోషమేమియు లేదు, వైరులోను లేదు. నీరు లేదు, అంతియే. కొంత దూరము పోవునప్పటికి హెడ్ గాస్కెట్టు కాలును, లేదా సిలిండరు తల వంకరపోవును, పగులును. పొగగొట్టమునుండి తెల్లని పొగ వచ్చుట, ఇంజను నూనె పాలు కలిపిన తేనీటి రంగునకు మారుట దాని గుర్తులు. అప్పటికి ఆలస్యమైపోయినట్లే.

అందువలన గేజి పరీక్షకు మొదటి మెట్టు గేజి కాదు, రేడియేటరులోని నీరు. దీనిని ఉదయముననే, ఇంజను రాత్రియంతయు చల్లారిన పిదపనే చూడవలెను. ఈ మాటను మేము గట్టిగా చెప్పుటకు కారణము కలదు. రేడియేటరు మూతలో ఒక స్ప్రింగు ఉండి లోపలి నీటిని ఒత్తిడిలో నుంచును. చదరపు సెంటీమీటరునకు అర కిలో ఒత్తిడి నిలుపు మూత యున్నచో నీరు 100 డిగ్రీలకు మరుగక, సుమారు 110 డిగ్రీల వరకు మరుగకుండ నిలుచును. అట్టి సమయమున మూత విప్పిన ఆ ఒత్తిడి ఒక్క క్షణమున పోయి, నీరంతయు ఒక్కసారి మరిగి ముఖము మీదికి చిమ్మును. తడిగుడ్డ కప్పి విప్పినను ప్రమాదమే. పైగొట్టమును చేతితో పట్టుకొని చూచి, అది పూర్తిగా చల్లగా నున్నప్పుడే మూత ముట్టవలెను. దారిలో వేడెక్కి ఆగిన ఇంజనులో చన్నీళ్లు కుమ్మరించుటయు తగదు. కాలిన ఇనుము మీద చన్నీరు పడినచో అది చిట్లును.

నీరు నిండుగా నున్నది, ఫ్యాను బెల్టు బిగువుగా నున్నది, అయినను ముల్లు వింతగా నడచుచున్నదనిన, ఇప్పుడు గేజిని అనుమానింపవచ్చును.

ముందుగ మన బండిలోనిది ఏ జాతి గేజియో తెలిసికొనవలెను. మిక్కిలి పాత బండ్లలో మీటరు వెనుకనుండి సన్నని లోహపు గొట్టము బయలుదేరి ఇంజను వరకు పోవును. ఆ గొట్టము చివర చిన్న బుడ్డి ఉండును. అందు ఈథరు వంటి త్వరగా ఆవిరియగు ద్రవము నింపబడి యుండును. బుడ్డి వేడెక్కగా ఆవిరి ఒత్తిడి పెరిగి మీటరులోని వంపుగొట్టమును సాచును, ముల్లు కదలును. దీనికి బ్యాటరీతో పని లేదు. ఆ సన్నని గొట్టము నలిగినను, విరిగినను, లోపలి ద్రవము పోయినను ముల్లు చల్లని వైపుననే చచ్చి పడియుండును. దీనిని గ్రామములో బాగుచేయుట సాధ్యము కాదు. అతికించెదమని గొట్టమును కోసిన ఉన్నదియు పోవును.

రెండవ జాతి విద్యుత్తుతో నడచునది. మనకు ఎక్కువగా ఎదురగునది ఇదియే. ఇంజను తలకో, థర్మోస్టాటు గూటికో ఇత్తడి మొన యొకటి బిగింపబడి, దానినుండి ఒక వైరు మీటరునకు పోవును. ఆ మొనను మెకానిక్కులు టెంపరేచరు సెన్సారు అందురు. చల్లగా నున్నపుడు అది కరెంటును బాగుగ అడ్డగించును. వేడెక్కిన కొలది ఆ అడ్డు తగ్గును. కరెంటు ఎంత ఎక్కువగా ప్రవహించిన ముల్లు అంత వేడివైపు పోవును. నూనె ఒత్తిడికి సంబంధించిన మొన కూడ ఇంచుమించు ఇట్లే ఉండును గాని అది ఇంజను ప్రక్కన, నూనె తిరుగు చోట ఉండును. రెండింటిని పొరబడరాదు.

పరీక్ష చాల సులభము, ఖర్చు లేనిది. తాళము త్రిప్పి స్విచ్ మాత్రము వేసి, ఇంజను నడపకుండ, సెన్సారు మీది వైరును ఊడదీయవలెను. ముల్లు చల్లని వైపునకు పడిపోవలెను. తరువాత ఆ వైరు కొనను ఇంజను యొక్క శుభ్రమైన ఇనుమునకు తాకింపవలెను. ముల్లు మెల్లగ వేడివైపు లేచును. సగము దాటగనే వైరును తీసివేయవలెను; చివరివరకు పోనిచ్చిన కొన్ని గేజీలు పాడగును. ఆ కొనను పొరపాటుననైనను బ్యాటరీ కొసకు ముట్టింపరాదు. వైరు ముట్టించుట ఒకరు, ముల్లు చూచుట ఒకరు చేసినచో మేలు. ఇంజను నడుపవలసి వచ్చినపుడు మాత్రము కండువా, పంచె కొంగు ఫ్యాను బెల్టునకు దూరముగ నుంచుకొనవలెను.

ఇక ఫలితమును చదువుకొనుట. వైరు ఊడదీసినపుడు ముల్లు పడి, ఇనుమునకు తాకించినపుడు లేచినచో మీటరును వైరును పనిచేయుచున్నవి. దోషము సెన్సారులో కలదు, లేదా దోషమే లేదు, నీరు నిజముగానే ముల్లు చూపినంత వేడిగా నున్నది. ఊడదీసినను ముల్లు వేడివైపే నిలిచినచో ఆ వైరు దారిలో ఎచటనో రబ్బరు పొర ఊడి ఇనుమునకు ఆనుచున్నది. ఎలుకలు కొరికిన వైర్లలో ఇది తరచు చూతుము. తాకించినను ముల్లు కదలకున్నచో మీటరు వెనుకనున్న కొసవద్దనే అదే పరీక్ష చేయవలెను. అచట కదలినచో నడుమ వైరు తెగినది. అచటను కదలకున్నచో మీటరునకు కరెంటు వచ్చుచున్నదో లేదో చూచి, వచ్చుచున్నచో మీటరు పోయినదని నిర్ణయింపవచ్చును.

ఒక చిన్న హెచ్చరిక. ఫోర్డు వారి పూర్వపు బండ్లలోని కొన్ని గేజీలకు స్విచ్ ఆపినపుడు ముల్లు వేడివైపున నిలుచును. వానికి పై పరీక్ష తలక్రిందులుగ వచ్చును. కనుక స్విచ్ వేయకమునుపు ముల్లు ఎచట నున్నదో చూచి పెట్టుకొనవలెను.

పెట్రోలు లేక డీజిలు చూపు ముల్లును ఈ ముల్లును రెండును ఒక్కసారే తప్పు చూపుచున్నవా? అట్లయినచో రెండు మీటర్లు ఒకే దినమున చెడినవనుట నమ్మశక్యము కాదు. వాని రెండింటికి కరెంటు పంచునట్టి చిన్న డబ్బీ యొకటి బ్రిటిషు పద్ధతిలో తయారైన బండ్లలో మీటర్ల వెనుక ఉండును. బ్యాటరీ వోల్టేజి ఇంజను వేగమును బట్టి మారుచున్నను, ఈ డబ్బీ మీటర్లకు సగటున 10 వోల్టులు మాత్రమే అందజేయును. దానికి ఇనుముతో సంబంధము, అనగా ఎర్తు, వదులైనచో పూర్తి బ్యాటరీ వోల్టేజి మీటర్లకు చేరి రెండు ముండ్లును మీదికి లేచును. పాత తరహా డబ్బీ యొక్క బయటి కొసకు చిన్న పరీక్షా బల్బు తగిలించిన, అది వెలుగుచు ఆరుచు నుండవలెను. ఆగక వెలుగుచున్నను, అసలు వెలుగకున్నను దోషము డబ్బీలోనిదే, లేదా దాని ఎర్తులోనిదే. తుప్పు గీకి స్క్రూ బిగించుటతో సరిపోవు పనికి రెండు క్రొత్త మీటర్లు కొనుట మన ప్రాంతములలో జరుగుచున్న దుబారా.

సెన్సారును తీసి పరీక్షించుటకు గ్రామములోని ఉన్నత పాఠశాల తోడ్పడగలదు. ప్రయోగశాలలో 110 డిగ్రీల వరకు చూపు థర్మామీటరు సాధారణముగ ఉండును. ఉపాధ్యాయుని అనుమతితో గిన్నెలో నీరు కాచి, సెన్సారు మొనను థర్మామీటరును పక్కపక్కన ముంచి, మల్టీమీటరుతో ఓములు కొలువవలెను. నీరు వేడెక్కిన కొలది అంకె క్రమముగ తగ్గుచు రావలెను. అంకె మారకున్నను, ఉన్నట్లుండి దూకినను సెన్సారు పోయినట్లే. ఈథరు గొట్టపు గేజికైనచో బుడ్డినే వేడినీటిలో ముంచి, మీటరు ముల్లును థర్మామీటరును సరిపోల్చిన చాలును. 2020లో కోవిడ్ కాలమున పంచాయతీలు కొన్న నుదుటి థర్మామీటరు దీనికి పనికిరాదు. అది మనుష్యుని జ్వరమును కొలుచుటకే ఏర్పడినది.

క్రొత్త సెన్సారు కొనునపుడు మర సరిపోయినది గదా యని ఏదో ఒకటి బిగింపరాదు. ఒక్కొక్క మీటరునకు తగిన సెన్సారు వేరు. వేరొక బండి సెన్సారు వేసినచో ముల్లు నడచును గాని అబద్ధము చెప్పును. మరకు తెల్లని టేపు దట్టముగ చుట్టుటయు ఒక లోపమే. ఆ సెన్సారు ఎర్తు మర ద్వారానే పోవలెను, టేపు దానిని అడ్డగించును.

ఇక గేజి నిందపడి, అసలు దోషి తప్పించుకొను సందర్భ మొకటి కలదు. రహదారి మీద పోవునపుడు ముల్లు మరీ క్రిందికి దిగి, ఊరిలో ఆగినపుడు లేచుచున్నచో, గేజి చక్కగనే యున్నది. థర్మోస్టాటు తెరచుకొని ఉండిపోయినది, లేదా ఎవరో తీసివేసిరి. 'మన యెండలకు అది ఎందులకు?' అని దానిని తీసి పారవేయు అలవాటు మన మెకానిక్కులలో చాలకాలముగ నున్నది. ఇది మేము ఒప్పుకొనజాలని అలవాటు. థర్మోస్టాటు ఇంజనును చల్లబరచుటకు అడ్డు కాదు. అనేక బండ్లలో 82 డిగ్రీల ప్రాంతమున తెరచుకొని, అంతవరకు ఇంజను త్వరగా తగిన వేడికి చేరునట్లు చూచును. అది లేనిచో ఇంజను చల్లగా నడచి చమురు ఎక్కువ త్రాగును, సిలిండర్లు త్వరగా అరుగును. చల్లని ఇంజనును నడిపి పైగొట్టమును అప్పుడప్పుడు తాకి చూడుడు. కొంతసేపు గోరువెచ్చగానే యుండి, పిదప త్వరితముగ వేడెక్కినచో థర్మోస్టాటు ఉన్నది, పనిచేయుచున్నది.

నల్లగొండ, ప్రకాశము, రాయలసీమ ప్రాంతములవారు మరియొకటి గమనింపవలెను. అచటి బోరునీరు అనేక చోట్ల కఠినజలము. అన్నము వండు గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టినట్లే రేడియేటరు గొట్టములలోను, సెన్సారు మొన మీదను కట్టును. పెచ్చు కట్టిన మొన వేడిని ఆలస్యముగ తెలుపును. గ్రామ శుద్ధజల కేంద్రపు నీరు దీనికంటె మేలు. తయారుచేసినవారు చెప్పిన పాళ్లలో కూలెంటు కలిపిన ఇంకను మేలు. పాత కూలెంటు తియ్యగా నుండు విషము. దానిని మురుగు కాలువలో గాని, పశువులు, కుక్కలు త్రాగు చోట గాని పారబోయరాదు.

పంచాయతీ బండికి మరమ్మతు చేయించినపుడు బిల్లు ఆమోదించుటకు ముందు సభ్యులు తీసివేసిన పాత భాగమును చూపుమని అడుగుటకు సంకోచింపనక్కరలేదు. మీటరు మార్చితిమని చెప్పినచో వైరు ఊడదీసి ఇనుమునకు తాకించు పరీక్షను మెకానిక్కు చేతనే అందరి యెదుట చేయింపవచ్చును. రెండు నిమిషముల పని. అంతయు సరియైన పిదప, బండిని అరగంట నడిపి ముల్లు ఎచట స్థిరముగ నిలిచినదో చూచి, మీటరు అద్దము మీద గోళ్లరంగుతో సన్నని చుక్క పెట్టి, ఆ తేదీని బండి లాగ్‌బుక్కులో వ్రాయింపుడు. ఇకముందు ముల్లు ఆ చుక్కకు పైన నిలిచినను, క్రింద నిలిచినను, డ్రైవరు మారినను, మరునాటి ఉదయము మొట్టమొదట రేడియేటరు మూత విప్పి నీరు చూడవలెనని ఆ పుటలోనే ఒక పంక్తి చేర్పుడు.