సెల్ఫ్ కోసం దాచాల్సిన కరెంటు

మదనపల్లె టమాటా మార్కెట్‌లో లోడు ఎప్పటికి పూర్తవుతుందో ముందే చెప్పడం కష్టం. సరుకు తక్కువ వచ్చిన రోజు డ్రైవరూ క్లీనరూ క్యాబిన్‌లోనే పడుకుంటారు. పుంగనూరులో మరికొన్ని క్రేట్లు ఎక్కించుకుని కుప్పం మీదుగా తమిళనాడులోకి దిగే బండ్లదీ ఇదే తంతు. రాత్రంతా ఫ్యాను తిరగాలి, సెల్లు చార్జింగ్ ఎక్కాలి, పాటలు మోగాలి. తెల్లారి సెల్ఫ్ కొడితే ‘టక్’మని ఊరుకుందా, ఇక టమాటా మన కోసం ఆగదు. చెన్నై కోయంబేడు మార్కెట్‌కు ఆలస్యంగా చేరిన లోడుకు పలికే ధరే వేరు.

విదేశాల్లో ఇల్లులాంటి బండ్లలో తిరిగేవాళ్లు ఇంజిను లేపడానికి ఒక బ్యాటరీ, ఇంటి అవసరాలకు ఇంకొకటి పెట్టుకుంటారు. మన లారీల్లో చాలావాటికి ఆ ఏర్పాటు ఉండదు. అమరాన్ బ్యాటరీలు ఉమ్మడి చిత్తూరు జిల్లా కరకంబాడిలోనే తయారవుతాయి గానీ, ఏ కంపెనీదైనా స్టార్టింగ్ బ్యాటరీ గుణం ఒకటే. కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇస్తుంది. రాత్రంతా కొంచెం కొంచెంగా లాగి అడుగంటిస్తే మాత్రం ప్లేట్లు త్వరగా పాడవుతాయి.

పెద్ద లారీకి రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు. ఒక్కోటి 130 ఆంపియర్-అవర్లది అనుకుందాం. 24 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే పోయేది 8 ఆంపియర్-అవర్లు, అంతే. దాన్ని తిట్టి లాభం లేదు. పాత బల్బుల పార్కింగ్ లైట్లన్నీ కలిపి 70 వాట్లుంటే పది గంటలకు దాదాపు 30 పోతాయి. ఎల్‌ఈడీలు వేయిస్తే అందులో చాలావరకు మిగులుతుంది. ఇన్వర్టర్ పెట్టి 1,500 వాట్ల ఇండక్షన్ స్టవ్ మీద అన్నం వండాలనుకుంటే అరవై ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఆ ఆలోచన మానుకోండి.

అలాగని లైట్లు ఆర్పేసి బండిని రోడ్డు పక్కన నిలపడం ప్రాణాలతో చెలగాటం. వెలుతురున్న బంకులోనో మార్కెట్ యార్డులోనో పెడితే బ్యాటరీ మిగులుతుంది, మనమూ మిగులుతాం.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇంకొకటుంది. కారు స్టీరియో 12 వోల్టులది కదా అని రెండు బ్యాటరీల్లో ఒక్కదాని నుంచే వైరు లాగుతారు. ఆ ఒక్కటే ఖాళీ అవుతుంది. పొద్దున ఆల్టర్నేటర్ రెండింటినీ ఒకటే అనుకుని నింపుతుంది. నిండుగా ఉన్నది ఓవర్‌చార్జ్ అయి నీళ్లు తాగుతుంది, ఖాళీది ఎప్పటికీ సగమే నిండుతుంది. కొన్నాళ్లకు జత మొత్తం మార్చాల్సిందే. 24 నుంచి 12కు దించే కన్వర్టర్ ఖర్చు ఒక కొత్త బ్యాటరీ ధరతో పోలిస్తే చాలా తక్కువ. ఓనరును అడిగేటప్పుడు ఈ లెక్కే ముందు పెట్టండి. డ్రైవరు సుఖం కోసమంటే వినని ఓనరు కూడా బ్యాటరీ ఖర్చంటే వింటాడు.

డ్యాష్‌బోర్డు సాకెట్‌లో చిన్న వోల్టుమీటరు పెట్టుకోండి. అన్నీ కట్టేసి కాసేపు ఆగి చూస్తే 25.4 దగ్గరుంటే నిండుగా ఉన్నట్టు, 24.4 అయితే సగం అయిపోయినట్టు. అప్పుడిక ఫ్యాను కూడా ఆపాల్సిందే. చలికాలంలో ఇంకా ముందే ఆపండి, చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది.

2025లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం కొత్తగా తయారయ్యే మధ్యరకం, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. కానీ మామూలు ఏసీ ఇంజిను తిరిగితేనే పనిచేస్తుంది. రాత్రంతా ఐడ్లింగ్‌లో పెడితే డీజిల్ ఖర్చు, పొగ. నన్నడిగితే అన్నిటికంటే చవకైనది రీచార్జబుల్ ఫ్యాను, లాంతరు. పగలు బండి నడిచేటప్పుడే చార్జి చేసుకోవచ్చు. వీలైతే స్టార్టింగ్ బ్యాటరీని విడిగా ఉంచే ఐసొలేటర్‌తో క్యాబిన్‌కు వేరే బ్యాటరీ పెట్టించుకోవచ్చు.

ఇంత చేసినా సెల్ఫ్ పట్టకపోతే 24 వోల్టుల బండి నుంచే జంపర్ వైరు తీసుకోండి, కారు నుంచి వద్దు. ముందు ప్లస్‌కు ప్లస్ కలపండి. చివరి మైనస్ క్లిప్పును బ్యాటరీకి దూరంగా, రంగులేని ఛాసిస్ ఇనుముకు పెట్టండి. బ్యాటరీ దగ్గర గ్యాసుంటుంది, నిప్పురవ్వ పడకూడదు. స్టార్ట్ అయ్యాక పది నిమిషాలకే టీ కోసం ఇంజిను ఆపొద్దు. కొన్ని గంటలు నడిస్తేగానీ పోయిన చార్జి తిరిగి రాదు.