పాత మిలిటరీ, క్యాంపింగ్ స్టవ్వులు: చేయవలసినవి - చేయకూడనివి

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల కోసం కోల్‌మన్ కంపెనీ 1942లో తయారుచేసిన జేబు స్టవ్వు, ఆ తర్వాతి ఎం-1950, స్వీడన్‌లో పుట్టిన స్వియా 123, ఆప్టిమస్ 8ఆర్ పెట్రోలు స్టవ్వులు. ఇలాంటివి చేతికి చిక్కగానే సేకరించేవాళ్లు ముందు చేసే పని ఒంటికి పట్టిన మకిలి వదలగొట్టడం. మనవాళ్లయితే ఇత్తడి కనబడగానే చింతపండు నానబెడతారు. తోమితే తోమండి గానీ, ప్రమాదం ఇత్తడిలో ఉండదు. అది లోపల కందిగింజంత రబ్బరు ముక్కలో, ఎండిపోయిన తోలు వాషరులో ఉంటుంది.

చేయవలసినవి

వెలిగించే ముందు రబ్బరు వాషర్లన్నీ మార్చండి. పైకి బాగానే ఉన్నాయి కదా అని వదిలేయొద్దు. దశాబ్దాల నాటి రబ్బరు గోటితో నొక్కితే పెచ్చులు ఊడుతుంది. పంపు ఉన్న వాటిలో తోలు వాషరు ఎండి ముడుచుకుపోతే నూనె పట్టించి మెత్తబరచవచ్చు, పగుళ్లుంటే మార్చాల్సిందే. ట్యాంకు మూతలోని వాషరుకు వేడినీ పెట్రోలునూ తట్టుకునే వైటాన్ రబ్బరు మేలు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది కనుక పాతకాలపు రబ్బరు దానికి ఉబ్బి పాడవుతుంది. వాషరును చిన్నచూపు చూడొద్దు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తున్న స్కాట్ బృందం దారిలో దాచుకున్న డబ్బాలు తీసి చూస్తే కిరోసిన్ తగ్గిపోయి ఉంది. మూతల కింది తోలు వాషర్లు పట్టు తప్పడమే కారణమంటారు. అంతకుముందే ధ్రువం చేరిన అముండ్‌సెన్ తన డబ్బాలకు టంకం వేయించుకున్నాడు.

వాషర్లు మార్చాక, చుక్క ఇంధనం లేకుండా ట్యాంకులోకి కొద్దిగా గాలి ఎక్కించి, పంక్చర్ షాపులో ట్యూబును ముంచినట్టు నీళ్లలో ముంచి చూడండి. మూత దగ్గరా, తిప్పే వాల్వు కాడ దగ్గరా, అతుకుల వెంబడీ ఒక్క బుడగ కూడా లేవకూడదు. తర్వాత పూర్తిగా ఆరనివ్వండి.

మూత ఎటు తిరిగి ఉందో చూసుకోండి. దీన్ని చాలామంది పట్టించుకోరు. స్వియా 123కీ, 8ఆర్‌కీ పంపు ఉండదు. బర్నరు వేడి ట్యాంకుకు తగిలి, ఆ వేడికే పెట్రోలు ఆవిరై ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడి హద్దు దాటితే వదిలేయడానికి మూతలో స్ప్రింగు మీద కూర్చున్న చిన్న వాల్వు ఉంటుంది. అది తెరుచుకున్నప్పుడు బయటికి చిమ్మేది పెట్రోలు ఆవిరి. బర్నరు మండుతూ పక్కనే ఉంది. చిమ్మిన ఆవిరి అంటుకుని పొడవాటి మంటగా దూసుకొస్తుంది. ట్యాంకు పగలకుండా కాపాడే ఏర్పాటే ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం కాల్చగలదు. అందుకే మూతను మనుషులూ గుడారమూ ఎండుగడ్డీ లేని వైపుకు తిప్పి పెట్టాలి. ట్యాంకు చేతికి వెచ్చగా తగిలితే ఫరవాలేదు, ముట్టుకోలేనంత కాలితే మాత్రం వెంటనే ఆర్పేయాలి.

ట్యాంకును ముప్పాతిక మించి నింపకండి, ఆవిరికి చోటుండాలి. పక్కన నీళ్ల బకెట్టు కాదు, ఇసుకో తడి గోనెసంచో ఉంచుకోండి. పెట్రోలు నీటి మీద తేలి మంటను ఇంకా పాకిస్తుంది.

చేయకూడనివి

కిరోసిన్ స్టవ్వులో పెట్రోలు పోయొద్దు. మనలో పంపు స్టవ్వుతో పెరిగినవాళ్లే ఎక్కువగా పొరబడేది ఇక్కడ. మన వంటింటి పంపు స్టవ్వుకు మూలం 1892 నాటి స్వీడన్ ప్రైమస్. దానికీ ఈ పెట్రోలు స్టవ్వుకూ పోలిక చూపులోనే. కిరోసిన్ ఆవిరి అంటుకోవాలంటే సుమారు 38 డిగ్రీలకు వేడెక్కాలి. పెట్రోలు ఆవిరికి మైనస్ 40 డిగ్రీల చలి కూడా అడ్డు కాదు. మంట తగ్గిందని పిన్నుతో పొడిచి, టపటపా గాలి కొట్టి, ఆరీ ఆరకముందే మూత తీసి పోసే అలవాటు కిరోసిన్‌తోనే చెడ్డది, పెట్రోలుతోనైతే ఒళ్లు కాలడం ఖాయం.

గాలి వీస్తోందని స్టవ్వు చుట్టూ రేకు చుట్టేయొద్దు. బర్నరును మించిన పెద్ద పెనం, అడుగు వెడల్పు గిన్నె పెట్టొద్దు. రెండూ వేడిని కిందికి, ట్యాంకు మీదికే తోస్తాయి.

మూసిన గుడారంలో, గదిలో వెలిగించొద్దు. 1934లో అంటార్కిటికాలో ఒంటరిగా శీతాకాలం గడిపిన రిచర్డ్ బర్డ్, స్టవ్వు నుంచీ జనరేటర్ నుంచీ వచ్చిన కార్బన్ మోనాక్సైడ్‌కు చావు అంచుదాకా వెళ్లాడు. ఆ వాయువుకు వాసన ఉండదు. తలనొప్పి, వాంతి మొదలయ్యేసరికే లేచి బయటికి నడిచే శక్తి పోవచ్చు.

కారుతున్న ట్యాంకును టంకం వేయించడానికి ఇవ్వొద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. పాత పెట్రోలు అడుగున ఉంటే వట్టి చేతులతో కడగొద్దు, ఆ రోజుల పెట్రోలులో సీసం ఉండేది. పాత స్టవ్వుల్లో తెల్లటి పీచులాంటి ప్యాకింగు కనిపిస్తే ఆస్బెస్టాస్ కావచ్చు, పొడిగా గీకకండి.

జర్మనీలో 1936లో వచ్చిన ఎస్బిట్ లాంటి మడత స్టవ్వుల సంగతి వేరు. ట్యాంకు లేదు, పేలుడు లేదు, ఇంధనపు బిళ్ల వెలిగించి వండుకోవడమే. అయితే ఆ హెక్సమైన్ బిళ్ల పొగ విషపూరితం. పిల్లలకు అందనివ్వొద్దు, పట్టుకున్న చేత్తో అన్నం తినొద్దు.

రైల్లో పెట్రోలు, కిరోసిన్ తీసుకెళ్లడం నేరం. నల్లమల లాంటి రిజర్వు అడవుల్లో అనుమతి లేకుండా నిప్పు రాజేయడం కూడా అంతే.

సరైన వాషరు దొరకని స్టవ్వును అద్దాల బీరువాలోనే ఉంచండి. అక్కడైనా ట్యాంకు ఖాళీగా, మూత వదులుగా ఉండాలి.