వంతెనపై నీటిమట్ట సూచిక: తీర గ్రామములకు ఒక పాఠము

బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం ప్రాంతమున కృష్ణా పశ్చిమ డెల్టా ముగిసి సముద్రము ప్రారంభమగుచున్నది. పొలముల మురుగునీరు డ్రైనుల గుండా ఇచ్చటనే సముద్రమున కలియవలెను. పోటు సమయమున సముద్రపు నీరు ఆ డ్రైనుల గుండానే ఎదురెక్కి వచ్చును. 1977 నవంబరు 19న చీరాల సమీపమున తీరము దాటిన తుపాను సముద్రమును సుమారు 5 మీటర్ల యెత్తున లేపినది. దివిసీమలోను, ఈ తీరమునను వేలాదిమంది మరణించిరి. అట్టి రాత్రి పంచాయతీవారికి రెండు సంగతులు తెలియవలెను: నీరిప్పుడు ఎంత యెత్తున నున్నది? గంటకెంత పెరుగుచున్నది? డ్రైనుపై నున్న కాంక్రీటు వంతెనకు సెన్సారు అను నీటిమట్ట సూచికను అమర్చినచో ఈ రెండును తెలియును.

ఈ సూచికలు పలురకములు. నీటిలో ముంచి యుంచెడి పీడన సూచిక చౌకయే గాని, మన డ్రైనులకు అంత అనువైనది కాదు. ఉప్పునీరు మంచినీటికంటె నూటికి రెండున్నర వంతులు బరువు గనుక, 2 మీటర్ల లోతున 5 సెంటీమీటర్ల భేదము చూపును. పైగా ఒండ్రు పేరుకొని దానిని కప్పివేయును. పైనుండి ధ్వనితరంగములను పంపు సూచికకు గాలి వేడిమితో చిక్కు కలదు. వేడిమిని సరిచూచుకొను ఏర్పాటు లేనిచో, 10 డిగ్రీల భేదమునకు 5 మీటర్ల దూరమున 8, 9 సెంటీమీటర్లు తప్పును. రాడార్ సూచికకు ఈ బాధలు లేవు. ఖరీదెక్కువైనను తీరమున అదియే మేలని మా అభిప్రాయము.

రాడార్ కిరణము టార్చిలైటు వెలుగువలె క్రిందికి పోను పోను విస్తరించును. 12 డిగ్రీల కోణము గల కిరణము 6 మీటర్ల క్రింద సుమారు 1.26 మీటర్ల వెడల్పు గల వృత్తమగును. ఆ వృత్తములో వంతెన స్తంభముగాని, గోడగాని, మెట్టుగాని ఉండరాదు. అందుచే సూచికను వంతెన అంచునుండి ముందుకు చాచిన ఉక్కుచేతికి బిగింపవలెను. దానిక్రింద పడవలు కట్టుట నిషేధింపవలెను. పడవ నిలిచినచో యంత్రము దానినే నీరనుకొని మట్టము పెరిగినదని చెప్పును. గుర్రపుడెక్క పేరుకొనినను అట్లే జరుగును. అర్ధరాత్రి ఇట్టి అబద్ధపు హెచ్చరిక రెండుమారులు వచ్చినచో మూడవమారు నిజమైన హెచ్చరికను ఎవరును లక్ష్యపెట్టరు.

వంతెన పంచాయతీది కాదు గనుక, రంధ్రము వేయుటకు ముందు దాని యజమానియైన శాఖ ఇంజనీరు అనుమతి వ్రాతమూలకముగ పొందవలెను. లోపలి తీగలను ముందే బిగలాగి పోసిన దూలములను ఎట్టి పరిస్థితిలోను తొలువరాదు. తక్కినచోట్ల లోని ఇనుపకడ్డీలెచ్చట నున్నవో పరికరముతో కనుగొని, వానిని తప్పించి, అంచునకు దూరముగా తొలువవలెను. రంధ్రములోని పొడిని బ్రష్షుతోను గాలితోను పూర్తిగా తీసివేసిన పిదపనే బంకమందు నింపి బోల్టు దించవలెను. పొడి మిగిలినచో బంక కాంక్రీటును పట్టక ఆ పొడినే పట్టును. తుపాను గాలికి బోల్టు ఊడివచ్చును. బోల్టులు ఉప్పుగాలికి తట్టుకొను 316 రకపు స్టెయిన్‌లెస్ ఉక్కువి కావలెను. మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటునే పగులగొట్టును.

అందరును తేలికగా తీసుకొను పని సున్న నిర్ణయము. సూచిక తనకును నీటికిని నడుమ గల దూరమును మాత్రమే కొలుచును. దాని ముఖము సముద్రమట్టమునకు ఎంత యెత్తున నున్నదో సర్వే గుర్తునుండి లెవెల్ యంత్రముతో తేల్చవలెను. ఉదాహరణకు ముఖము 6.20 మీటర్ల యెత్తున నుండి, యంత్రము చూపిన దూరము 4.85 మీటర్లైనచో, నీటిమట్టము 1.35 మీటర్లు. ఊరిలో పల్లపు వీధి 2.10 మీటర్ల యెత్తున నున్నచో ఇంక 75 సెంటీమీటర్లే మిగిలియున్నవి. గంటకు 15 సెంటీమీటర్ల చొప్పున నీరు పెరిగినచో వ్యవధి 5 గంటలు. పోటుకు గాలి తోడైన మరింత తక్కువ. గ్రామమున పల్లపు ఇండ్ల గడపలన్నిటిని ఈ కొలతలోనే ముందుగ వ్రాసియుంచుట అవసరము.

స్తంభముపై ఎనామెలు గేజిపలకను కూడ అదే సున్నతో బిగించి, వారమున కొకమారు రెండింటిని పోల్చి పుస్తకములో వ్రాయవలెను. ఆ వ్రాతవలన మరియొక లాభము కలదు. ఇచ్చట పోటు సుమారు 12 గంటల 25 నిమిషముల కొకమారు వచ్చును; అమావాస్యకు, పూర్ణిమకు హెచ్చుగా నుండును. ఈ లెక్క అలవాటైనవారు, ఆటు వేళకు కూడ నీరు తీయకున్నచో, ఎగువ వాననీరు నిలిచిపోవుటయో, గాలి సముద్రమును నెట్టుటయో జరుగుచున్నదని వెంటనే గ్రహింపగలరు.

1977 నాటి యెత్తున ఉప్పెన వచ్చినచో సూచికయే మునిగిపోవచ్చును. అది పనికివచ్చునది అంతకుముందరి గంటలలో. సెల్‌ఫోను టవర్లు పడిపోయినచో దాని కబురు కూడ రాదు. కావున తుపాను హెచ్చరిక వెలువడిన నాటినుండి, గాలి ముదిరి వంతెనవద్దకు పోవుట ప్రమాదకరమగునంతవరకు, గంట కొకమారు టార్చిలైటుతో పోయి గేజిపలకను చదువుటకు ఇద్దరేసి మనుష్యులను వంతులవారీగా నియమించి, వారి పేర్లను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను.