అవ్వ పాటకు ఏ మైకు?

మణుగూరు దాటితే అడవి. అడవి అంచున ఒక కోయగూడెం. ఆ గూడెంలో ఒక అవ్వ ఉంది. ఆమెకు రేల పాటలు చాలా వచ్చు. పెళ్లయినా, పండగయినా ముందు ఆమే పాట ఎత్తుకుంటుంది. మిగతా ఆడవాళ్లు అందుకుంటారు.

అవ్వ మనవడు భద్రాచలంలో చదువుతున్నాడు. ఒక పెళ్లిలో అవ్వ పాటను సెల్‌ఫోనులో రికార్డు చేశాడు. తర్వాత విన్నాడు. డోలి మోత వినపడింది. గాలి హోరు వినపడింది. కోడి కూత కూడా వినపడింది. అవ్వ పాట మాత్రం సరిగా వినపడలేదు.

మనవడికి దిగులు పట్టుకుంది. మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య అని పెద్ద కళాకారుడు ఉండేవారు. సమ్మక్క, సారలమ్మల కథను డోలి కొట్టి పాడేవారు. 2022లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. పాట నోట్లోనే ఉంటే మనిషితోనే పోతుంది. ఎవరైనా నేర్చుకోవాలి. లేదా దాచిపెట్టాలి. అవ్వకు కూడా వయసు మీద పడింది.

మనవడు మైకుసెట్టు నడిపే మామ దగ్గరికి పోయాడు.

"మామా, మంచి మైకు ఏది?"

"అవ్వ ఏడ పాడతది? పక్కన ఏం మోతలున్నయి? ముందు అది చెప్పు. చోటును బట్టి మైకు" అన్నాడు మామ.

మామ రెండు రకాలు చెప్పాడు.

ఒకటి డైనమిక్ మైకు. దీని లోపల అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. గట్టిది. సభల్లో చేత్తో పట్టుకునేది ఎక్కువగా ఇదే. నోటికి దగ్గరగా పెట్టాలి. అప్పుడు దూరపు మోతలు తక్కువగా వస్తాయి. దీన్ని ఫోనుకు నేరుగా తగిలిస్తే సరిగా పనిచేయదు. మధ్యలో ఒక చిన్న పెట్టె కావాలి. దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు.

రెండోది కండెన్సర్ మైకు. దీనిలో పల్చని పొర ఉంటుంది. సన్నని శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది. దీనికి కరెంటు అందాలి. చెమ్మ తగిలితే పాడవుతుంది. చప్పుడు లేని గదికి ఇది మేలు. చొక్కాకు తగిలించే చిన్న కాలర్ మైకులు ఎక్కువగా ఈ జాతివే. వాటిలో కొన్నింటికి ఫోనే కరెంటు ఇస్తుంది.

"నీకు ఇప్పటికి కాలర్ మైకు చాలు. కొనేముందు దాని పిన్ను నీ ఫోనుకు పడుతదో లేదో చూసుకో" అన్నాడు మామ.

మనవడు మైకు కొని గూడెం పోయాడు. రేకుల ఇంట్లో వాన పడితే చెవులు హోరెత్తుతాయి. అందుకే వాన లేని రోజు చూశాడు. ఫ్యాను ఆపాడు. గోడలకు దుప్పట్లు కట్టాడు. గోడకు తగిలిన శబ్దం తిరిగి రాకుండా దుప్పట్లు తగ్గిస్తాయి. మైకును అవ్వ నోటికి జానెడు కింద తగిలించాడు. పూసల దండ రాసుకుంటే గరగర వస్తుంది. దండను పక్కకు జరిపాడు. డోలి కొట్టే తాతను నాలుగడుగుల దూరంలో కూచోబెట్టాడు. దూరం పెరిగితే మోత తగ్గుతుంది. పాట మునగదు.

ముందు రెండు నిమిషాలు రికార్డు చేసి విన్నాడు. తాతను ఇంకో రెండడుగులు వెనక్కి జరిపాడు.

అవ్వ ఒక పాట మొదలుపెట్టి ఆగింది. "ఇది కొలుపు పాట బిడ్డా. ఊరికే పాడగూడదు. దీన్ని పట్టకు" అన్నది. మనవడు వెంటనే ఫోను ఆపాడు. ఆ ముక్క తీసేశాడు. అవ్వ ఇంకో పాట ఎత్తుకుంది. ఈసారి ప్రతి మాటా తేటగా వచ్చింది.

"దీన్ని వేరేవాళ్లకు వినిపించొచ్చా అవ్వా?" అని అడిగాడు.

"గూడెం పిల్లలకు ముందు వినిపించు. మిగతాది మన పెద్దలనడుగు" అన్నది అవ్వ.

మనవడు నోటుపుస్తకంలో పాట పేరు, పాడినవారి పేరు, ఊరు, తేదీ రాశాడు. పాటను ఫోనులో ఒకటి, మెమరీ కార్డులో ఒకటి దాచాడు. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది.

ఆలోచించి చెప్పండి:
1. మొదటిసారి అవ్వ పాట ఎందుకు సరిగా వినపడలేదు?
2. డోలిని ఎందుకు దూరంగా పెట్టాడు?
3. అవ్వ వద్దన్న పాటను మనవడు ఎందుకు తీసేశాడు?
4. మీ ఊళ్లో పాటలు తెలిసిన పెద్దలు ఎవరు? వాళ్ల పేర్లు రాయండి.