విపత్తు నష్టాన్ని ముందే లెక్కగట్టే ఉద్యోగం

తుపాను ఎప్పుడు వస్తుందో వాతావరణ శాఖ చెబుతుంది. వస్తే ఎవరి ఇల్లు మునుగుతుందో, ఎంత నష్టమో ముందే లెక్కగట్టే ఉద్యోగం వేరే ఉందని పి.జి.లో చేరేదాకా మాకూ తెలియదు. దాన్ని రిస్క్ అనలిస్ట్ పని అంటారు. బీమా కంపెనీల్లోనూ, విపత్తు నిర్వహణ సంస్థల్లోనూ ఈ పని ఉంటుంది. డాక్టరు, ఇంజనీరు, టీచరు తప్ప వేరే పేరు వినని మన హాస్టల్ తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాం.

లెక్కలో మూడు విషయాలు చూస్తారు. విపత్తు ఎంత పెద్దది, ఎన్నేళ్లకు వస్తుంది? దాని దారిలో ఏమున్నాయి? అవి ఎంత దెబ్బకు తట్టుకుంటాయి?

1977 నవంబరు 19 నాటి ఉప్పెననే తీసుకుందాం. తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. జనం ఎక్కువగా పోయింది దివిసీమలో. కారణమేమిటి? ఉత్తరార్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. అందువల్ల తుపాను నడిచే దారికి కుడివైపున గాలి సముద్రపు నీటిని నేల మీదికి తోస్తుంది. దివిసీమ ఆ కుడివైపున పడింది, పైగా పల్లపు నేల. అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10 వేల మంది చనిపోయారు. 1990 మే నెలలో కృష్ణా తీరానికే మళ్లీ పెనుతుపాను వచ్చింది. అప్పుడు మృతులు వెయ్యి లోపే. తుపాను చిన్నదై కాదు, లక్షల మందిని ముందే తరలించారు.

‘నూరేళ్ల వరద’ అనే మాట చాలామందిని తికమక పెడుతుంది. ఒకసారి వస్తే ఇక నూరేళ్లు నిశ్చింత అని కాదు దాని అర్థం. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి. 30 ఏళ్లు అదే ఇంట్లో ఉంటే? 0.99ని 30 సార్లు గుణించి, వచ్చినదాన్ని 1 లోంచి తీసేయండి. 0.26 వస్తుంది, అంటే నాలుగో వంతు పైనే. ఇది ఇంటర్మీడియెట్ లెక్కే!

మాకు నచ్చనిది ఒకటుంది. నష్టాన్ని ఎక్కువగా రూపాయల్లోనే కొలుస్తారు. ఉదాహరణకు 2 కోట్ల గోదాము సగం పాడైతే నష్టం కోటి. 40 వేల చొప్పున 50 పూరిళ్లు మొత్తం కొట్టుకుపోయినా 20 లక్షలే. ఈ అంకెలే చూస్తే గట్టు గోదాము వైపే ఎత్తవుతుంది. కానీ గోదాముకు బీమా ఉంటుంది, పూరింటికి ఉండదు. నెలకు 8 వేలు తెచ్చే ఇంటికి 40 వేలంటే అయిదు నెలల తిండి. ఊరి చివర పల్లంలో ఇళ్లున్న మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. నెలల సంపాదనలో కూడా నష్టాన్ని లెక్కగట్టాలని మా అభిప్రాయం. ఆ మాట అనేవాళ్లు ఆ కుర్చీల్లో కూర్చోవాలి కదా!

ఇంటర్‌లో లెక్కలు వదలకండి. డిగ్రీలో స్టాటిస్టిక్స్ గాని, జాగ్రఫీ గాని తీసుకోవచ్చు. పటాలు గీసే క్యూ.జి.ఐ.ఎస్. సాఫ్ట్‌వేర్ ఉచితం. హైదరాబాదులోని ఎన్.ఆర్.ఎస్.సి. వారి ‘భువన్’లో ఉపగ్రహ చిత్రాలు చూడవచ్చు. అయితే మీ వాడలో నీళ్లు ఏ గోడ మీద ఎంత ఎత్తుకు వచ్చాయో ఆ చిత్రాల్లో కనిపించదు. సెలవులకు వెళ్లినప్పుడు నాయనమ్మనో తాతనో అడిగి, సంవత్సరంతో సహా నోట్‌బుక్కులో రాసుకుని రండి.